డిక్కీలో డోలు, బానెట్టు కింద బ్యాటరీ

కార్తీక మాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో తిరుచానూరు వీధుల్లో నిలబడితే రెండు రకాల మోతలు చెవిన పడతాయి. ఒకటి వాహనం ముందు వచ్చే మేళం. అందులో సన్నాయి సన్నాయిగానే, డోలు డోలుగానే వినిపిస్తాయి. రెండోది యాత్రికుల కార్లలోంచి వచ్చే మోత. అద్దాలన్నీ ఎత్తి ఉంటాయి. లోపల ఏ పాట పెట్టారో, ఎవరు పాడుతున్నారో మనకు ఒక్క ముక్క అర్థం కాదు. ‘ధడ్... ధడ్...’ అన్న దెబ్బ మాత్రం బయటికి వస్తుంది. కారు మన పక్కనుంచి పోతే ఆ దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకు తగిలినట్లుంటుంది.

పాటలో మిగతాదంతా ఏమైంది? ఆ ‘ధడ్’ ఒక్కటే ఎలా బయటపడింది?

బరువైన చెక్క తలుపును చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. ఊగుతుంది. అదే తలుపును సెకనుకు వెయ్యిసార్లు ఊపమంటే ఎవరి తరమూ కాదు. దాని జడత్వం అడ్డుపడుతుంది. కారు రేకులకూ, అద్దాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పాడేవారి గొంతులోనూ, వేణువులోనూ సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల కంపనాలు ఉంటాయి. ఆ వేగానికి రేకు కదలలేదు కనుక ఆ శబ్దం చాలావరకు లోపలే ఆగిపోతుంది. సెకనుకు 40, 50 కంపనాలు చేసే శబ్దానికి మాత్రం రేకు, అద్దం కూడా ఊగి, ఆ ఊపును బయటి గాలికి అందిస్తాయి.

ఇంత తక్కువ పౌనఃపున్యంగల శబ్దాలను పలికించడానికే ప్రత్యేకంగా చేసిన పెద్ద స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. కుక్క మొరుగును ఇంగ్లీషువాళ్లు ‘వూఫ్’ అంటారు కదా, బొంగురు శబ్దాలు పలికే స్పీకరుకు వూఫర్ అన్న పేరు దానినుంచి వచ్చింది. దానికంటే ఇంకా కింది స్వరాలు పలికేది సబ్‌వూఫర్. కారులో దీనిని సాధారణంగా డిక్కీలో అమరుస్తారు. దానికి బలాన్నిచ్చే ఆంప్లిఫయరు కూడా అక్కడే ఉంటుంది. బ్యాటరీ మాత్రం ముందు బానెట్టు కింద. ఈ రెంటినీ కలపడానికి నాలుగైదు తీగలు కావాలి. ఆ తీగల్లో మీ పదో తరగతి విద్యుత్తు పాఠమంతా ఉంది.

కాగితపు శంకువు కథ

స్పీకరు లోపల ఏముందో మీలో కొందరు పాత రేడియో విప్పి చూసే ఉంటారు. ఒక అయస్కాంతం, దాని సందులో సన్నని రాగి తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు శంకువు. చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం దానిమీద బలాన్ని చూపుతుంది. ప్రవాహం ఒక దిక్కున ఉంటే శంకువు ముందుకు వస్తుంది, దిక్కు మారితే వెనక్కు పోతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఈ పద్ధతికి ఒక చక్కని రూపం ఇచ్చారు. వంద ఏళ్లయినా దాని మూలసూత్రం మారలేదు.

మీరే చూడవచ్చు. పాత స్పీకరు రెండు తీగలను 1.5 వోల్టుల టార్చి సెల్లుకు ఒక్క క్షణం తాకించండి. ‘టప్’ మని శంకువు ముందుకు దూకుతుంది. సెల్లును తిప్పి తాకిస్తే లోపలికి పోతుంది. తాకించి అలాగే పట్టుకోవద్దు, చుట్ట వేడెక్కుతుంది. స్పీకరులో ధన గుర్తు చెరిగిపోతే, కారు మెకానిక్కులు కూడా ఈ టార్చి సెల్లుతోనే కనిపెడతారు.

కింది స్వరాలకు ఇంత పెద్ద స్పీకరు ఎందుకంటే, ఒకే బలంగల శబ్దం పుట్టాలంటే పౌనఃపున్యం సగమైనప్పుడు శంకువు నాలుగు రెట్లు దూరం కదలాలి. 80 కంపనాల దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే చాలుననుకుంటే, 40 కంపనాల దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. పైగా మన చెవి కింది స్వరాలను సరిగా పట్టుకోదు. కాబట్టి శంకువు వెడల్పుగా ఉండాలి, దానిని తోసే శక్తీ ఎక్కువ కావాలి.

శంకువు ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకనున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిసిపోతే శబ్దం చచ్చిపోతుంది. అందుకే సబ్‌వూఫర్‌ను చెక్కపెట్టెలో బిగించి వెనక గాలిని బంధిస్తారు. మన డోలుకూ పలకకూ పెట్టె ఎందుకు లేదని అడిగే గడుసు విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. డోలుకు రెండువైపులా చర్మం ఉంది కదా, లోపలి గాలి అక్కడే బంధించబడి ఉంది. పలక సంగతి మాత్రం వాడినే ఆలోచించమంటాను.

12 వోల్టులు చాలవు

ఇప్పుడు లెక్కకు వద్దాం. కారులో మామూలు రేడియో తన 12 వోల్టులతోనే స్పీకరును నడుపుతుంది. 4 ఓముల స్పీకరుకు దాని నుంచి దక్కేది మహా అయితే 20, 25 వాట్లు. సబ్‌వూఫర్‌కు 500 వాట్లు కావాలనుకుందాం. శక్తి అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేది. 500ను 4తో గుణిస్తే 2000. దాని వర్గమూలం సుమారు 45. అంటే స్పీకరుకు 45 వోల్టులు చేరాలి. బ్యాటరీలో ఉన్నది 12.

వోల్టేజి పెంచడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా అంటారు మీరు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఏకాంతర విద్యుత్తుకే పనిచేస్తుంది, బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. అందుకని ఆంప్లిఫయరు లోపల ట్రాన్సిస్టర్లు బ్యాటరీ ప్రవాహాన్ని సెకనుకు పదివేల సార్లకు మించి తెంపి, కలిపి, దిక్కు మారుస్తాయి. అలా ముక్కలైన ప్రవాహం ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయి పెద్ద వోల్టేజిగా బయటికి వస్తుంది. దానిని మళ్లీ ఏకముఖంగా మార్చి వాడుకుంటారు.

వోల్టేజి పెరిగింది సరే, శక్తి ఊరికే పుట్టదు. ఆంప్లిఫయరు తీసుకున్న శక్తిలో 80 శాతాన్ని స్పీకరుకు ఇస్తుందనుకుంటే, 500 వాట్లు ఇవ్వడానికి అది 625 వాట్లు తీసుకోవాలి. 625ను 12తో భాగిస్తే 52. అంటే బ్యాటరీ నుంచి 52 ఆంపియర్లు! మీ ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె లాగేది నాలుగున్నర ఆంపియర్లే. పాట సాగుతున్నంతసేపూ ఇంత ప్రవాహం ఉండదు, డోలు దెబ్బ పడినప్పుడు పెరిగి మళ్లీ తగ్గుతుంది. అయినా తీగను పెద్ద దెబ్బకే సిద్ధం చేయాలి.

లావు తీగ, సన్న తీగ

బ్యాటరీ నుంచి డిక్కీకి సుమారు 5 మీటర్ల తీగ కావాలి. ఇళ్లలో ప్లగ్గు పాయింట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వేశామనుకోండి. 5 మీటర్లకు దాని నిరోధం 0.034 ఓములు. వినడానికి ఏమీ లేనట్లే ఉంది. కానీ 50 ఆంపియర్లు ప్రవహిస్తే 1.7 వోల్టులు తీగలోనే పోతాయి. ఆ తీగ 86 వాట్ల వేడిని విడుస్తుంది. తివాచీ కింద, ప్లాస్టిక్ పట్టీల కింద గాలి తగలకుండా పడి ఉన్న తీగ అది. పైన మన చిత్తూరు, తిరుపతి వైపు మే నెల ఎండ. ఆ తీగమీది మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది.

అదే అంగళ్లలో ‘4 గేజి’ అని అమ్మే లావు రాగి తీగ వేస్తే, దాని మధ్యచ్ఛేదం 21 చదరపు మిల్లీమీటర్లు, 5 మీటర్ల నిరోధం 0.004 ఓములు. నష్టం 0.2 వోల్టు, వేడి 10 వాట్లు. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందని గుర్తుంచుకోండి. 8 గేజి కంటే 4 గేజి లావు.

మా పాఠశాలలో చదివి ఇప్పుడు తిరుపతిలో కారు డెకరేషన్ అంగట్లో పనిచేసే కుర్రవాడిని ఈ సంగతి అడిగాను. “సార్, స్పీకరుకు పదివేలు పెడతారు సార్. వైరుకు వెయ్యి అంటే మాత్రం బేరం చేస్తారు. కంటికి కనపడేది స్పీకరే కదా!” అన్నాడు. వాడే ఇంకో సంగతి చూపించాడు. తీగను కత్తితో గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా కనిపించింది. అది అల్యూమినియం తీగకు రాగి పూత. అదే లావున్న రాగి తీగ కంటే దాని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. అది దొంగ సరుకేమీ కాదు, దాని లెక్క వేరు, అంతే. రాగి అనుకుని కొనడమే తప్పు.

ఈ లెక్కలన్నిటికీ ఆధారమైన నియమాన్ని జార్జ్ సైమన్ ఓమ్ 1827లో పుస్తకరూపంలో వెలువరించాడు. దానికి కావలసిన ప్రయోగాలు చేసే కాలానికి ఆయన జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాల పంతులు. తరగతిలో ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుందని పిల్లలు అంటారు.

ఫ్యూజు ఎక్కడ ఉండాలి?

ఇక అసలు విషయానికి వచ్చాం. కారు బ్యాటరీని రెండు చేతులతో ముట్టుకున్నా షాకు కొట్టదు. మన చర్మం నిరోధం ఎక్కువ, 12 వోల్టులు దానిని దాటి చెప్పుకోదగ్గ ప్రవాహాన్ని పంపలేవు. అందుకని చాలామంది ‘12 వోల్టులే కదా’ అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ తేలిక మాటవల్లే కార్లు కాలతాయి.

కారు బ్యాటరీలో ఆరు ఘటాలు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 2.1 వోల్టులు, మొత్తం 12.6. సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు, మధ్యలో సజల గంధకికామ్లం. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన ఘటమే ఇది. మనవాళ్లకు ఇది దూరపు వస్తువు కాదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీల తయారీతోనే పేరు తెచ్చుకుంది. మన దేశపు రోడ్లమీద తిరిగే ఎన్నో కార్లలో ఆ బ్యాటరీలే ఉన్నాయి.

ఈ బ్యాటరీ గొప్పతనం దాని వోల్టేజిలో లేదు, అంతర్నిరోధం చాలా తక్కువగా ఉండటంలో ఉంది. సుమారు 0.008 ఓములు అనుకుందాం. ఇంజను తిప్పే స్టార్టరు మోటారుకు వందల ఆంపియర్లు ఇవ్వాలంటే అంత తక్కువ నిరోధం ఉండాలి మరి. కానీ ఆ వరమే ప్రమాదం కూడా.

ఇంజనుకూ లోపలి గదికీ మధ్య ఒక ఇనుప రేకు గోడ ఉంది. బ్యాటరీ తీగ దానిలోని రంధ్రం గుండా లోపలికి పోవాలి. రంధ్రానికి రబ్బరు వాషరు వేయలేదనుకోండి. కారు కదిలినప్పుడల్లా రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది. మన ఘాటు రోడ్ల మలుపులూ, పల్లె రోడ్ల గుంతలూ ఉన్నచోట ఎన్నో నెలలు పట్టదు. ఒకరోజు రాగి రేకును తాకుతుంది. కారు శరీరమంతా బ్యాటరీ ఋణ ధ్రువానికి కలిసి ఉంటుంది. అంటే వలయం పూర్తయింది.

బ్యాటరీనుంచి ఆ చోటికి ఒక మీటరు తీగ ఉందనుకుందాం. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే దాని నిరోధం 0.007 ఓములు. బ్యాటరీ అంతర్నిరోధాన్ని కలిపితే 0.015. 12.6ను 0.015తో భాగించండి. 840 ఆంపియర్లు! ఆ మీటరు తీగలో పుట్టే వేడి సుమారు 4900 వాట్లు. అయిదు ఇస్త్రీపెట్టెల వేడి 22 గ్రాముల రాగిలో! రాగి విశిష్టోష్ణం మీకు తెలుసు కదా. లెక్క వేస్తే ఉష్ణోగ్రత సెకనుకు 500 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. సెకను పూర్తయ్యేలోపే పై తొడుగు కరిగి పొగ లేస్తుంది. పక్కనే వేరే తీగలు, ప్లాస్టిక్, పెట్రోలు గొట్టం.

దీనిని ఆపేది ఫ్యూజు ఒక్కటే. అయితే ఆ ఫ్యూజు ఎక్కడుంది? కొందరు ఆంప్లిఫయరు దగ్గర పెడతారు. ఆంప్లిఫయరుమీదే ఫ్యూజు ఉంది కదా, ఇంకొకటి ఎందుకు అంటారు. పైన చెప్పిన ప్రమాదంలో ప్రవాహం ఆంప్లిఫయరు దాకా పోనేలేదు. బ్యాటరీనుంచి బయలుదేరి రేకు దగ్గరే తిరిగిపోయింది. డిక్కీలో ఉన్న ఫ్యూజు గుండా ఒక్క ఆంపియరు కూడా వెళ్లలేదు, అదెలా తెగుతుంది? ఫ్యూజు కాపాడేది తనను దాటి ముందున్న తీగను మాత్రమే. కాబట్టి అది బ్యాటరీ ధన ధ్రువానికి అడుగున్నర దూరం లోపలే ఉండాలి. ఈ ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. అందుచేత దాని విలువ తీగ మోయగల ప్రవాహానికి మించకూడదు. 500 వాట్ల అమరికకు, 4 గేజి రాగి తీగకు 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని అక్కడ తీగముక్క చుట్టేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తే ఈ 840 ఆంపియర్ల లెక్క చూపించండి.

పని మొదలుపెట్టేముందు మెకానిక్కు బ్యాటరీ ఋణ ధ్రువాన్నే ముందుగా విప్పుతాడు. గమనించండి, ధన ధ్రువాన్ని కాదు. ధన ధ్రువం విప్పుతుండగా స్పానరు జారి పక్క రేకుకు తగిలితే వలయం పూర్తయి స్పానరే ఎర్రగా కాలుతుంది. ఋణ ధ్రువం విప్పుతుండగా రేకుకు తగిలినా ఏమీ కాదు, రెండూ ఒక్కటే కదా. బిగించేటప్పుడు వరుస తారుమారు, ఋణ ధ్రువం చివర. చేతికి ఉంగరం ఉంటే ముందే తీసి జేబులో వేసుకుంటాడు.

మిగిలిన తీగలు

ఋణ తీగ డిక్కీనుంచి ముందుకు పోనక్కరలేదు. కారు శరీరమే ఆ పని చేస్తుంది. ఆంప్లిఫయరు దగ్గరలోనే రేకుమీది రంగు గీకి, మెరిసే ఇనుముకు బోల్టుతో బిగిస్తే సరి. రంగు విద్యుద్బంధకం, దానిమీద బిగిస్తే ఆ కీలు దగ్గర వేడి పుడుతుంది. ఈ తీగ కూడా ధన తీగంత లావుగా ఉండాలి. వెళ్లిన 52 ఆంపియర్లూ దీనిగుండానే తిరిగి వస్తాయి మరి.

రేడియోనుంచి పాటను తెచ్చే సన్న తీగలను కారుకు ఒక పక్కన, బ్యాటరీ తీగను రెండో పక్కన వేస్తారు. మారుతున్న ప్రవాహం పక్కనున్న తీగలో వోల్టేజిని ప్రేరేపిస్తుందని ఫారడే పాఠంలో చదివారు కదా. రెండూ పక్కపక్కనే ఉంటే పాటలో రొద చేరవచ్చు. రేడియో వేసినప్పుడే ఆంప్లిఫయరు మేలుకొనేలా ఇంకొక సన్నని తీగ ఉంటుంది, సాధారణంగా నీలంరంగుది. అది లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే ఆంప్లిఫయరు రాత్రంతా మేలుకొని బ్యాటరీని తాగేస్తుంది.

ఇక ఆంప్లిఫయరునుంచి స్పీకరుకు. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. చాలా సబ్‌వూఫర్లలో ఒకే శంకువుకు రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒక్కొక్కటి 4 ఓములు అనుకుందాం. ఉత్సవాలకు కట్టే సీరియల్ సెట్టు బల్బుల్లాగా ఒకదాని తరవాత ఒకటి కలిపితే 8 ఓములు. ఇంట్లో బల్బుల్లాగా సమాంతరంగా కలిపితే 2 ఓములు. వోల్టేజి మారకపోతే నిరోధం తగ్గేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది. 40 వోల్టుల దగ్గర 4 ఓములకు 400 వాట్లు, 2 ఓములకు 800, ఒక్క ఓముకు 1600. అయితే ఒక్క ఓమునే పెడదాం అనిపిస్తుంది. కానీ అప్పుడు ఆంప్లిఫయరు ట్రాన్సిస్టర్లు 40 ఆంపియర్లు మోయాలి. ‘2 ఓములకు తగ్గరాదు’ అని రాసి ఉన్న ఆంప్లిఫయరుకు ఒక్క ఓము తగిలిస్తే, మంచిదైతే తనంతట తాను ఆగిపోతుంది, నాసిరకమైతే కాలిపోతుంది.

మల్టీమీటరుతో కొలిచినప్పుడు 4 ఓముల చుట్ట మూడున్నరో, ఇంకా కాస్త తక్కువో చూపిస్తే చెడిపోయిందని అనుకోకండి. మీటరు కొలిచేది ఏకముఖ విద్యుత్తుకు నిరోధం. పాట ఏకాంతర విద్యుత్తు, చుట్ట దానిని ఇంకొంచెం ఎక్కువగా అడ్డుకుంటుంది. మీకొక లెక్క: అలాంటి సబ్‌వూఫర్లు రెండు ఉన్నాయి, అంటే 4 ఓముల చుట్టలు నాలుగు. అన్నిటినీ వాడి, మొత్తం మళ్లీ 4 ఓములే వచ్చేలా కలపాలి. దారులు ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. ధన, ఋణ గుర్తులు మాత్రం తారుమారు చేయకండి. ఒక శంకువు ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కు పోతే, రెండు సబ్‌వూఫర్లు ఉండి కూడా ఒకటి ఉన్నప్పటికంటే తక్కువ వినిపిస్తుంది.

చెవి సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినవచ్చునని ఒక లెక్క ఉంది. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెళ్లకు మిగిలేది 15 నిమిషాలే. మూసిన కారులో 100 దాటడం ఈ 500 వాట్లకు పెద్ద పనేమీ కాదు. 40 కంపనాల శబ్దం తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్లు, కారు పొడవు నాలుగు మీటర్లే. అందుచేత కారులోని గాలి అంతా ఒకే ముద్దగా నొక్కుకుని, సడలుతుంది. వెనక వచ్చే అంబులెన్సు సైరను ఆ మోతలో డ్రైవరుకు వినిపించదు.

ఇంజను నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది. పుష్కరిణి దగ్గర స్నానానికి దిగినవారికోసం ఎదురుచూస్తూ, ఇంజను ఆపి పాట పెట్టుకున్న కారు సంగతి వేరు. ఆంప్లిఫయరు సగటున 15 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ గంటన్నరకే సగం ఖాళీ అవుతుంది. స్టార్టరుకు ఒక్క క్షణం పాటైనా వందకు పైగా ఆంపియర్లు కావాలి. మిగిలిన సగం బ్యాటరీ అంత ఇస్తుందా లేదా అన్నది దాని వయసుమీద ఆధారపడి ఉంటుంది.